ఎక్స్86 సర్వర్ డిస్ట్రోని రిస్క్-ఫైవ్‌కి తేవాలి: ఏ వరుసలో మొదలెట్టాలి?

#1 తరమణి_టెర్మినల్

అందరికీ నమస్తే. చెన్నైలో ముగ్గురు మనుషుల టీమ్ మాది. డెబియన్ మీద కట్టిన సర్వర్ డిస్ట్రో (లినక్స్ ఓఎస్ కూర్పు) ఒకటి చూసుకుంటాం, ఇప్పటిదాకా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) ఒక్కటే. దాన్ని రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ 64 బిట్ రూపానికి తేవాలి. కావాల్సినవి: ఎన్‌జింక్స్, పోస్ట్‌గ్రెస్, ఓపెన్‌జేడీకే, నోడ్, గో, వాటితో పాటు మా సొంత సీ, సీ++ ప్యాకేజీలు కొన్ని వందలు.

చేతిలో ఉన్నవి రిస్క్-ఫైవ్ చిప్ ఉన్న విజన్‌ఫైవ్ 2 బోర్డులు రెండు (8 జీబీ), 32 కోర్ల ఎక్స్86 బిల్డ్ మెషీన్ ఒకటి. బోర్డు మీద కెర్నల్ లేచి లాగిన్ ప్రాంప్ట్ దాకా వస్తోంది.

ఇక్కడి నుంచి ఎలా వెళ్లాలి? టూల్‌చెయిన్‌తో మొదలుపెట్టి అంతా మేమే కట్టుకోవాలా, డెబియన్ బైనరీలను ఆసరా చేసుకోవచ్చా? బిల్డులు బోర్డు మీదా, క్యూఎము ఎమ్యులేటర్‌లోనా, క్రాస్ కంపైలా (ఎక్స్86 మీదే రిస్క్-ఫైవ్ బైనరీలు కట్టడం)? ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఏవి?

#2 బిల్డ్‌డీ_భీముడు

లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది, సంతోషం. కానీ ఈ పనిలో అది తేలిక భాగం. తేదీలు చూస్తే మీకే అర్థమవుతుంది. జీసీసీలోకి రిస్క్-ఫైవ్ 2017లో వచ్చింది (7వ వెర్షన్). కెర్నల్‌లోకి 4.15తో, 2018 జనవరిలో. జీలిబ్‌సీలోకి 2.27తో, ఆ మరుసటి నెలలో. అంటే కంపైలర్, కెర్నల్, సీ లైబ్రరీ మూడూ 2018 మొదట్లోనే సిద్ధం. డెబియన్ దాన్ని అధికారిక ఆర్కిటెక్చర్‌గా తీసుకున్నది 2023 జులైలో. స్టేబుల్ విడుదలలో కనిపించింది 2025 ఆగస్టు 9న, డెబియన్ 13తో. మధ్యలో పోయిన ఏడేళ్లూ వేల ప్యాకేజీలను ఒక్కొక్కటిగా బాగుచేయడానికే పట్టింది. మీరు ఆ కష్టాన్ని మళ్లీ మొదటి నుంచి పడొద్దు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: డెబియన్ 13 ట్రిక్సీ బైనరీలను బిల్డ్ పరిసరంగా వాడుకోండి, కానీ మీ రిపోలోకి (ప్యాకేజీల భండారంలోకి) ఎక్కించకండి. పని రెండు రౌండ్లుగా చేయండి. మొదటి రౌండ్‌లో ట్రిక్సీ క్రూట్‌లో (విడిగా పెట్టిన రూట్ డైరెక్టరీలో) మీ సోర్సులన్నీ బిల్డ్ చేసి ఒక తాత్కాలిక రిపో కట్టండి. రెండో రౌండ్‌లో ట్రిక్సీని తీసేసి, ఆ తాత్కాలిక రిపోలోని ప్యాకేజీలతోనే మొత్తం మళ్లీ బిల్డ్ చేయండి. బయటికి వదిలేది రెండో రౌండ్ ఫలితం మాత్రమే. డెబియన్ వాళ్లూ 2023లో అదే దారి పట్టారు: అప్పటిదాకా పోర్ట్స్ ఆర్కైవ్‌లో (అనధికార ఆర్కిటెక్చర్ల నిల్వలో) ఉన్నవాటిని గంపగుత్తగా తెచ్చుకోలేదు. క్రూట్ నిలబడడానికి చాలినన్ని తెచ్చి, మిగతావన్నీ అధికారిక బిల్డ్ మెషీన్ల మీద కొత్తగా కట్టారు.

‘రెండో రౌండ్ ఎందుకు, దండగ’ అనిపిస్తుంది. కానీ అవసరమే. ట్రిక్సీలో ఉండి మీ దగ్గర లేని లైబ్రరీ ఏదైనా మొదటి రౌండ్‌లో లింక్ అయిపోయి ఉంటే, అది బయటపడేది అక్కడే. లేకపోతే కస్టమర్ సర్వర్ మీద బయటపడుతుంది.

#3 సున్నా_పేజీ

> టూల్‌చెయిన్‌తో మొదలుపెట్టి అంతా మేమే కట్టుకోవాలా

ఆ అవసరం ఎప్పుడొస్తుందో కూడా చెబుతా, రేపు ఇంకో ప్రాసెసర్ వస్తే పనికొస్తుంది. డెబియన్‌లో ఆ ఆర్కిటెక్చర్ అసలు లేనప్పుడు, లేదా మీ ఏబీఐ (ఫంక్షన్లకు విలువలు ఎలా అందాలన్న బైనరీ ఒప్పందం) వేరైనప్పుడు. డెబియన్ వాడేది ఎల్‌పీ64డీ, అంటే డబుల్ ఫ్లోట్లు హార్డ్‌వేర్ రిజిస్టర్లలో వెళ్తాయి. ఫ్లోట్ యూనిట్ లేని చిప్ మీద ఆ బైనరీలు పనికిరావు, అప్పుడు మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

వరుస ఇది. ముందు ఎక్స్86 మీద కొత్త టార్గెట్‌కి బినుటిల్స్ (అసెంబ్లర్, లింకర్). తర్వాత హెడర్లు లేకుండా, సీ ఒక్కటే వచ్చేలా జీసీసీ మొదటి దశ. తర్వాత కెర్నల్ యూజర్ హెడర్లు. వాటితో జీలిబ్‌సీ. ఆ జీలిబ్‌సీ మీద జీసీసీ పూర్తి బిల్డ్, సీ++తో సహా. ఇక్కడిదాకా వంటల పుస్తకంలా సాగిపోతుంది.

ఆ తర్వాతే కోడి ముందా గుడ్డు ముందా అన్న గొడవ. సిస్టమ్‌డీకి యుటిల్-లినక్స్ నుంచి లిబ్‌మౌంట్, లిబ్‌బీఎల్‌కేఐడీ కావాలి. యుటిల్-లినక్స్‌కి సిస్టమ్‌డీ నుంచి లిబ్‌యూడెవ్ కావాలి. సైరస్ సాస్ల్‌కి ఎల్‌డాప్ లైబ్రరీ, ఓపెన్‌ఎల్‌డాప్‌కి సాస్ల్ లైబ్రరీ. ఇలాంటి ముడులు విప్పడానికే డెబియన్‌లో బిల్డ్ ప్రొఫైల్స్ పెట్టారు: స్టేజ్1 అంటే ఆ ఆధారాన్ని వదిలేసి కుంటి వెర్షన్ ఒకటి కట్టు అని, నోడాక్ అంటే డాక్యుమెంటేషన్ వద్దని, నోచెక్ అంటే టెస్టులు వద్దని. కుంటి వెర్షన్‌తో అవతలి ప్యాకేజీ కట్టి, దాంతో ఇవతలిది పూర్తిగా మళ్లీ కట్టాలి. కుంటివి ఏవేవి కట్టారో జాబితా రాసి పెట్టుకోకపోతే వాటిలో ఒకటి చివరిదాకా అలాగే ఉండిపోతుంది.

#4 గిండీ_గ్రబ్

క్యూఎమూనా, బోర్డా, క్రాసా అన్నదానికి నా లెక్క వేరు. 32 కోర్ల మెషీన్ ఉంది కదా, అంతా క్యూఎము యూజర్ మోడ్‌లో (ఒక్కో ప్రోగ్రామ్‌నే ఎమ్యులేట్ చేసే పద్ధతిలో) లాగించేయండి. కెర్నల్‌లోని బిన్‌ఎఫ్ఎంటీ-మిస్క్‌లో (పరాయి బైనరీని ఎమ్యులేటర్‌కి అప్పగించేది) ఎఫ్ ఫ్లాగ్‌తో రిజిస్టర్ చేస్తే ఎమ్యులేటర్ ముందే తెరిచి ఉంటుంది, క్రూట్ లోపలికి దాన్ని కాపీ చేసే పని కూడా లేదు. డెబియన్ బేస్ కట్టే డీబూట్‌స్ట్రాప్‌ని ఫారిన్ మోడ్‌లో నడిపి, రెండో దశ క్రూట్ లోపల నడిపితే అరగంటలో పరిసరం రెడీ. నాలుగు కోర్ల బోర్డు కోసం కూర్చుంటే తెల్లారిపోతుంది.

#5 బిల్డ్‌డీ_భీముడు

గ్రబ్ అన్నా, మొదటి రౌండ్‌కి సరే. రెండో రౌండ్‌కి మాత్రం ఒప్పుకోను, కారణం వేగం కాదు.

ఎక్స్86 మెమరీ ఆర్డరింగ్ గట్టిది, ఒక స్టోర్ తర్వాత ఇంకో స్టోర్ అదే వరుసలో మిగతా కోర్లకు కనిపిస్తుంది. రిస్క్-ఫైవ్ మెమరీ మోడల్ వదులైనది, ఫెన్స్ (వరుసను నిలిపే ఇన్‌స్ట్రక్షన్) లేకపోతే ఆ వరుసకు హామీ లేదు. లాక్ లేకుండా రాసిన క్యూలు, వోలటైల్‌తో నెట్టుకొచ్చిన పాత కోడ్ ఎక్స్86 మీద ఏళ్ల తరబడి చక్కగా నడుస్తాయి. మీరు ఎక్స్86 మీద క్యూఎము నడిపితే అడుగున ఉన్నది ఎక్స్86 ప్రాసెసరే కాబట్టి అలాంటి తప్పులు చాలావరకు అక్కడా దాక్కుంటాయి. టెస్టులన్నీ పచ్చగా వస్తాయి, బోర్డు మీద వారానికోసారి పడిపోతుంది.

పైగా క్యూఎము యూజర్ మోడ్‌లో పీట్రేస్ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని గమనించే సిస్టమ్ కాల్) లేదు. జీడీబీ, ఎస్‌ట్రేస్ టెస్టులు అక్కడ ఊరికే ఫెయిల్ అవుతాయి, వాటి వెంట పడి టైమ్ పాడుచేసుకోకండి.

పంపకం ఇలా చేసుకోవచ్చు. టూల్‌చెయిన్, కెర్నల్ క్రాస్. మొదటి రౌండ్ ప్యాకేజీలు క్యూఎములో, నోచెక్‌తో. రెండో రౌండ్ బోర్డుల మీద, టెస్టులతో.

#6 గిండీ_గ్రబ్

మెమరీ మోడల్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ 8 జీబీలో ఎల్‌ఎల్‌వీఎం అంత భారీ కంపైలర్‌ని లింక్ చేయిస్తారా మీరు?

#7 బిల్డ్‌డీ_భీముడు

చేయించొచ్చు, నాలుగు జాగ్రత్తలతో. ఎల్‌ఎల్‌వీఎం సీమేక్‌లో పారలల్ లింక్ జాబ్స్ 1కి దించాలి. డీబగ్ సమాచారం -జీ1కి తగ్గించాలి, మెమరీ తినేది ఎక్కువగా అదే. సీ++ భారీ ప్యాకేజీలకు డెబ్-బిల్డ్-ఆప్షన్స్‌లో పారలల్ 2 చాలు, 4 పెడితే మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాముల్ని చంపే ఓఓఎం కిల్లర్ వచ్చి లింకర్‌ని లేపేస్తుంది, లాగులో మాత్రం ‘కిల్డ్’ అన్న ఒక్క మాటే మిగులుతుంది. స్వాప్‌ని ఎన్‌వీఎంఈ మీద పెట్టండి, బోర్డు అడుగున ఎం.2 స్లాట్ ఉంది. ఒకే లేన్ అయినా ఎస్డీ కార్డుతో పోలికే లేదు. బిల్డ్ డైరెక్టరీ కూడా అక్కడే. ఎస్డీ కార్డు మీద రోజంతా బిల్డ్ నడిపితే ఆ కార్డు మీద ఆశ వదులుకోవాలి.

ఇంకోటి, చెన్నై ఎండ. హీట్‌సింక్, ఫ్యాన్ లేకుండా నాలుగు కోర్లూ రోజుల తరబడి నడిపితే జీసీసీ ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ అని పడిపోవడం మొదలవుతుంది. అది కంపైలర్ బగ్గా, వేడా, పవరా అని తేల్చుకోవడం సులువు: అదే ఫైలు మళ్లీ కంపైల్ చేయండి. రెండుసార్లూ అదే వరుస దగ్గర పడితే కంపైలర్ తప్పు. ఒక్కోసారి ఒక్కోచోట పడితే హార్డ్‌వేర్. ముందు అడాప్టర్ మార్చి చూడండి, 5 వోల్టుల దగ్గర కనీసం 3 ఆంప్స్ నిజంగా ఇచ్చేది కావాలి. ఫోన్ ఛార్జర్లు రాసుకున్నంత ఇవ్వవు.

#8 తరమణి_టెర్మినల్

థాంక్స్ అన్నా. బూట్ గురించి ఒక డౌట్. ఇప్పుడు ఎక్స్‌ట్‌లినక్స్ కాన్ఫ్ అనే బూట్ సెట్టింగుల ఫైలుతో లేపుతున్నాం. సర్వర్ ఇమేజ్ అన్ని బోర్డులకూ ఒకటే ఉండాలంటే? ఇంకా, కొత్త కెర్నల్ పెట్టినప్పుడు ‘స్టార్టింగ్ కెర్నల్’ అని వచ్చి ఆపైన నిశ్శబ్దం. ఏం చూడాలి?

#9 రిచీవీధి_రాగితీగ

రెండో దానికి ముందు. కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘ఎర్లీకాన్=ఎస్‌బీఐ’ పెట్టండి. అప్పుడు కెర్నల్ తన సీరియల్ డ్రైవర్ లేవకముందే ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ ద్వారా మాట్లాడుతుంది, ఎక్కడ చచ్చిందో కనబడుతుంది.

ఎందుకు ఆగుతుందో తెలియాలంటే గొలుసు తెలియాలి. చిప్‌లోని బూట్ రామ్ ముందు యూ-బూట్ బూట్‌లోడర్ మొదటి భాగమైన ఎస్‌పీఎల్‌ని తెస్తుంది, అది డీడీఆర్ మెమరీని లేపుతుంది. తర్వాత ఓపెన్‌ఎస్‌బీఐ, అన్ని అధికారాలూ ఉన్న మెషీన్ మోడ్‌లో శాశ్వతంగా కూర్చుంటుంది. దాని కింద సూపర్‌వైజర్ మోడ్‌లో యూ-బూట్, ఆ తర్వాత కెర్నల్. కెర్నల్‌లోకి దూకేటప్పుడు ఏ0 రిజిస్టర్‌లో హార్ట్ (అంటే ఇక్కడ కోర్) నంబరు, ఏ1లో డివైస్ ట్రీ (బోర్డులోని హార్డ్‌వేర్ వివరాల పట్టిక) చిరునామా ఉండాలి. ఇమేజ్ 2 ఎంబీ హద్దు మీద కూర్చోవాలి. క్యూఎము వర్ట్ మెషీన్‌లో ఓపెన్‌ఎస్‌బీఐ హెక్స్ 80000000 దగ్గర, కెర్నల్ 80200000 దగ్గర ఉండేది అందుకే.

నిశ్శబ్దానికి మామూలు కారణం డివైస్ ట్రీ. కొత్త కెర్నల్‌కి పాత డీటీబీ (డివైస్ ట్రీ బైనరీ ఫైలు) ఇస్తే క్లాకులు, రీసెట్ల పేర్లు కుదరవు, సీరియల్ డ్రైవరే లేవదు. కెర్నల్‌తో వచ్చిన డీటీబీనే వాడండి. అక్కడ మళ్లీ ఒక మెలిక ఉంది. ఓపెన్‌ఎస్‌బీఐ తాను కూర్చున్న మెమరీని డివైస్ ట్రీలో రిజర్వ్డ్ మెమరీగా రాస్తుంది. మీరు డిస్క్ నుంచి వేరే డీటీబీ నేరుగా ఎక్కిస్తే, ఆ ముక్క యూ-బూట్ కలిపితేనే ఉంటుంది. కలపకపోతే కెర్నల్ ఆ మెమరీని ఖాళీ అనుకుని ముట్టుకుంటుంది, ప్రాసెసర్‌లోని పీఎంపీ అనే మెమరీ రక్షణ అడ్డుకుంటుంది, యాక్సెస్ ఫాల్ట్. బూట్ అయిన కాసేపటికి, మెమరీ నిండాక పడిపోతుంటే ముందు ఇదే అనుమానించండి.

సీరియల్ కేబుల్ 3.3 వోల్టులదే వాడండి. రిచీ స్ట్రీట్‌లో దొరికే యూఎస్‌బీ-టీటీఎల్ ముక్కల్లో చాలావాటికి 5, 3.3 మధ్య మార్చే జంపర్ ఉంటుంది, కొన్నప్పుడు అది 5 మీదే ఉండొచ్చు. విజన్‌ఫైవ్ 2లో 6వ పిన్ గ్రౌండ్, 8 టీఎక్స్, 10 ఆర్ఎక్స్. బోర్డు టీఎక్స్ కేబుల్ ఆర్ఎక్స్‌కి వెళ్లాలి. వేగం 115200. పవర్ తీగ కలపొద్దు.

అన్ని బోర్డులకూ ఒకే ఇమేజ్ అంటే ఎక్స్‌ట్‌లినక్స్ వదిలేసి ఈఎఫ్ఐ (పీసీల్లో ఉండే ప్రామాణిక బూట్ పద్ధతి) దారి పట్టండి. యూ-బూట్‌లో ఈఎఫ్ఐ అమలు ఉంది. ఈఎస్‌పీ అనే బూట్ పార్టిషన్‌లో ఈఎఫ్ఐ/బూట్ ఫోల్డర్‌లో గ్రబ్ బూట్‌లోడర్‌ని ‘బూట్‌రిస్క్‌వీ64.ఈఎఫ్ఐ’ పేరుతో పెడితే ఏ బోర్డు ఫర్మ్‌వేర్ అయినా వెతుక్కుని లేపుతుంది. యూ-బూట్, ఓపెన్‌ఎస్‌బీఐ బోర్డు మీది క్యూఎస్‌పీఐ ఫ్లాష్‌లోనే ఉండనివ్వండి. అవి బోర్డు సొత్తు, ఓఎస్ ఇమేజ్‌లో వాటికి పనిలేదు.

#10 అడయార్_అసెంబ్లీ

మూడో ప్రశ్నకి వస్తున్నా: సోర్సుల్లో పేలేవి. బిల్డ్ దగ్గరే ఆగేవి పెద్ద బాధ కాదు, వాటిని గబగబా చెప్పేస్తా.

పాత కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ ఫైళ్లు ‘ఈ మెషీన్ తెలీదు’ అంటాయి: ఆటోరీకాన్ఫ్ నడిపితే సరి. మేక్‌ఫైల్‌లో -ఎం64 అని పాతేసి ఉంటే రిస్క్-ఫైవ్ జీసీసీ ఆ ఆప్షన్ తెలియదంటుంది. ఎక్స్86కే ఉండే ఎస్ఎస్ఈ హెడర్లు ఇంక్లూడ్ చేసే కోడ్‌కి సాదా సీ దారి రాయాలి. ‘అటామిక్ ఎక్స్‌ఛేంజ్ 1’ దొరకలేదని లింకర్ ఏడిస్తే, అది ఒకటి, రెండు బైట్ల అటామిక్స్ సమస్య: జీసీసీ 14కి ముందు వాటిని ఇన్‌లైన్ చేసేది కాదు, లిబ్‌అటామిక్ కలపాలి. ఓపెన్, స్టాట్, పైప్, డూప్2, పోల్ సిస్టమ్ కాల్ నంబర్లను నేరుగా వాడే కోడ్ కంపైల్ కాదు, ఎందుకంటే కొత్త ఆర్కిటెక్చర్లకు అవి ఇవ్వరు: ఓపెన్‌యాట్, పైప్2, డూప్3, పీపోల్ మాత్రమే ఉంటాయి. మీ సెక్‌కాంప్ (ఏ సిస్టమ్ కాల్స్ అనుమతించాలో చెప్పే వడపోత) జాబితాలూ అదే కళ్లతో చూడండి. ఓపెన్‌ని అనుమతించి ఓపెన్‌యాట్‌ని మరిచిన జాబితా ఇక్కడ మొదటి ఫైలు దగ్గరే ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది.

కంట్రోల్ ఫైల్లో ‘ఆర్కిటెక్చర్’ దగ్గర ఏఎండీ64 (డెబియన్‌లో 64 బిట్ ఎక్స్86 పేరు) అని మాత్రమే రాసి ఉన్న ప్యాకేజీలు ఇంకా మాయదారివి. ఎర్రరే రాదు, బిల్డే జరగదు, అంతే. ముందు గ్రెప్ కొట్టి అవన్నీ ‘ఎనీ’ చేయండి.

ఇక అసలు విషయం: బిల్డ్ అయి, నడిచి, తప్పు చేసేవి.

క్యార్ టైపు. ఎక్స్86 మీద సాదా క్యార్‌కి గుర్తు ఉంటుంది, −128 నుంచి 127. రిస్క్-ఫైవ్ మీద (ఆర్మ్ మీద కూడా) గుర్తు ఉండదు, 0 నుంచి 255. కమాండ్ ఆప్షన్లు చదివే గెటాప్ట్ ఫలితాన్ని క్యార్ వేరియబుల్‌లో పెట్టుకుని, అది −1 కానంత వరకు తిరగమనే లూప్ తీసుకోండి. ఎక్స్86 మీద −1 అలాగే ఉంటుంది, లూప్ ఆగుతుంది. ఇక్కడ ఆ −1 పోయి 255 అవుతుంది. 255 ఎప్పటికీ −1కి సమానం కాదు, లూప్ ఆగదు. కంపైలర్ హెచ్చరికలు ఆపేసి ఉంటే ఒక్క ముక్క చెప్పదు. టెస్ట్ అక్కడే తిరుగుతుంటుంది, డెబియన్ బిల్డ్ సాధనం ఎస్‌బిల్డ్ 150 నిమిషాలు చూసి కదలిక లేదని చంపుతుంది. మీకు లాగులో కనబడేది టైమ్‌అవుట్ మాత్రమే. మందు: ఆ వేరియబుల్‌ని ఇంట్ చేయడం. ‘-ఎఫ్-సైన్డ్-క్యార్’ పెట్టి అందరి నోరూ మూయించాలని చూడకండి, అప్‌స్ట్రీమ్‌కి పంపడానికి ప్యాచే మిగలదు.

సున్నాతో భాగహారం. ఇంటీజర్‌ని సున్నాతో భాగిస్తే ఎక్స్86 మీద ఎస్ఐజీఎఫ్‌పీఈ వచ్చి ప్రోగ్రామ్ ఆగుతుంది. రిస్క్-ఫైవ్‌లో ట్రాప్ లేదు, అన్ని బిట్లూ 1 అయిన జవాబు, అంటే −1, చేతిలో పెట్టి ముందుకెళ్తుంది. ఆ సిగ్నల్‌ని పట్టుకుని ‘తప్పు ఇన్‌పుట్’ అని చెప్పే కోడ్ మీ దగ్గర ఉంటే అది ఇక్కడ ఎప్పుడూ పలకదు. భాగించకముందే చూసుకోవాలి.

ఫ్లోట్ నుంచి ఇంటీజర్. నాన్‌ని (సంఖ్య కాని ఫ్లోట్ విలువని) 32 బిట్ ఇంట్‌కి మారిస్తే ఎక్స్86 −2147483648 ఇస్తుంది, ఇక్కడ 2147483647 వస్తుంది. సీ ప్రమాణం ప్రకారం రెండూ తప్పు కాదు, ఆధారపడిన వాడిదే తప్పు. సున్నా బై సున్నాని ప్రింట్ చేస్తే అక్కడ ‘-నాన్’, ఇక్కడ ‘నాన్’. టెస్టుల్లో ఈ మైనస్ గుర్తు కోసమే ఫెయిల్ అయ్యేవి బోలెడు. లాంగ్ డబుల్ అక్కడ 80 బిట్లు, ఇక్కడ 128, అదీ సాఫ్ట్‌వేర్‌లో. ఖచ్చితత్వం మారుతుంది, వేగం పడిపోతుంది.

ఆర్‌డీసైకిల్. టైమింగ్ కోసం ఆ ఇన్‌స్ట్రక్షన్‌ని నేరుగా వాడే కోడ్ పాత కెర్నల్ మీద నడిచి, 6.6 నుంచి ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్‌తో పడిపోతుంది. ఆర్‌డీటైమ్‌కో, క్లాక్-గెట్‌టైమ్‌కో మార్చండి.

సరిగ్గా అలైన్ కాని మెమరీ చదవడం. మీ బోర్డులోని యూ74 కోర్ దాన్ని హార్డ్‌వేర్‌లో చేయదు, ఓపెన్‌ఎస్‌బీఐలోకి ట్రాప్ అయి అక్కడ బైటు బైటుగా చదివి ఇస్తుంది. జవాబు సరైనదే, వేగం మాత్రం ఘోరం. పార్సర్ ఒకటి అకారణంగా నత్తనడక నడుస్తుంటే, పాయింటర్‌ని కాస్ట్ చేసి చదివే చోట మెమ్‌కాపీ పెట్టి చూడండి.

#11 సున్నా_పేజీ

బాగా చెప్పారు. దీనికి అడ్రస్ స్పేస్ కూడా కలపండి. యూ74లో ఎస్‌వీ39 (39 బిట్ల అడ్రసులు) మాత్రమే, యూజర్ ప్రోగ్రామ్‌కి 256 జీబీ వర్చువల్ అడ్రసులు. క్యూఎము డిఫాల్ట్‌గా ఎస్‌వీ57 ఇస్తుంది. రెండు వైపులా దెబ్బ: పాయింటర్ పైబిట్లలో సొంత గుర్తులు దాచుకునే ప్రోగ్రాములు క్యూఎములో పడిపోయి బోర్డు మీద నడుస్తాయి. టెరాబైట్ల కొద్దీ అడ్రసులు ముందే పట్టుకునేవి క్యూఎములో నడిచి బోర్డు మీద ఎమ్మ్యాప్ దగ్గర చస్తాయి. క్యూఎము సిస్టమ్ మోడ్‌లో కెర్నల్‌కి ‘నో5ఎల్‌వీఎల్’, ‘నో4ఎల్‌వీఎల్’ ఇచ్చి బోర్డుతో సమానం చేసుకుని టెస్ట్ చేయండి.

#12 తరమణి_టెర్మినల్

గో, జావా, నోడ్ సంగతి? వాటిని కట్టడానికి అవే కావాలి కదా.

#13 అడయార్_అసెంబ్లీ

గో అన్నిటికన్నా సుఖం. ఎక్స్86 మీద గో సోర్సులోని బూట్‌స్ట్రాప్ స్క్రిప్ట్‌కి గో-ఓఎస్ లినక్స్, గో-ఆర్చ్ రిస్క్‌వీ64 అని చెబితే బోర్డు మీద నడిచే గో చెట్టు తయారవుతుంది. దాన్ని బోర్డు మీదికి తెచ్చి గోరూట్-బూట్‌స్ట్రాప్‌గా చూపించి అక్కడ మళ్లీ కట్టండి. రస్ట్ కూడా క్రాస్‌లో హోస్ట్ టార్గెట్ ఇచ్చి అలాగే. ఓపెన్‌జేడీకేలో రిస్క్-ఫైవ్ పోర్ట్ 19వ వెర్షన్‌తో, 2022లో వచ్చింది. ఆ పోర్ట్ లేని పాత వెర్షన్లు జీరో అనే ఇంటర్‌ప్రెటర్ మీదే, సర్వర్ పనికి పెట్టకండి. నోడ్ వాడే జావాస్క్రిప్ట్ ఇంజన్ వీ8లో రిస్క్-ఫైవ్ బ్యాకెండ్ ఉంది. లింక్ దగ్గర భీముడు గారు చెప్పిన మెమరీ జాగ్రత్తలే.

జిట్ (నడుస్తుండగానే మెషీన్ కోడ్ తయారుచేసే కంపైలర్) ఉన్న ప్రతిదానికీ ఒకటి గుర్తుంచుకోండి. రిస్క్-ఫైవ్‌లో కొత్తగా రాసిన కోడ్ ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో దానంతట అది కనబడదు. దాన్ని కనబడేలా చేసే ఫెన్స్.ఐ ఇన్‌స్ట్రక్షన్ ఆ ఒక్క హార్ట్‌కే పనిచేస్తుంది. థ్రెడ్ ఇంకో కోర్ మీదికి జరిగితే పాత చెత్త నడుస్తుంది. కెర్నల్‌లోని ఫ్లష్ ఐక్యాష్ సిస్టమ్ కాల్ వాడాలి. మీ సొంత ప్యాకేజీల్లో చిన్న జిట్ ఏదైనా ఉంటే చూసుకోండి.

#14 గిండీ_గ్రబ్

బేస్‌లైన్ (ప్రాసెసర్‌లో కనీసం ఉండాల్సిన ఇన్‌స్ట్రక్షన్ల సమితి) ఏది పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఉబుంటు 25.10 నుంచి ఆర్‌వీఏ23కి మారింది, వెక్టర్, హైపర్‌వైజర్ తప్పనిసరి. మనమూ అటే వెళ్తే పోలేదా?

#15 బిల్డ్‌డీ_భీముడు

అటు వెళ్తే తరమణి గారి రెండు బోర్డులూ పేపర్‌వెయిట్లే, యూ74లో వెక్టర్ లేదు. డెబియన్ లాగే ఆర్‌వీ64జీసీ (వెక్టర్ లేని సమితి) మీద ఉండండి. వెక్టర్ కావాల్సిన కోడ్ హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ సిస్టమ్ కాల్‌తో (కెర్నల్ 6.4 నుంచి ఉంది) నడిచేటప్పుడే అడిగి దారి ఎంచుకుంటుంది. సీ910 అనే వేరే రిస్క్-ఫైవ్ కోర్ల వెక్టర్ 0.7.1 ముసాయిదాది, 2021లో ఖరారైన 1.0తో కుదరదు. వెక్టర్ అని పేరున్నంత మాత్రాన నమ్మొద్దు.

ప్యాకేజీ ఏదైనా తెలియకుండా వెక్టర్‌తో బిల్డ్ అయిందేమో పట్టుకోవడం తేలిక. ప్రతి ఈఎల్ఎఫ్ ఫైలు మీదా రీడ్‌ఎల్ఫ్‌ని పెద్ద ఏ ఆప్షన్‌తో నడపండి, ఆర్చ్ ట్యాగ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేర్లు రాసి ఉంటాయి. బిల్డ్ చివర దీన్ని ఒక చెక్‌గా పెట్టేయండి, ‘వీ’ (వెక్టర్) కనబడితే ఆపేయాలి. ఒక్క మినహాయింపు: నడిచేటప్పుడు ఎంచుకునే లైబ్రరీల్లో అది న్యాయంగానే ఉండొచ్చు, వాటికి మినహాయింపు జాబితా పెట్టుకోండి.

#16 కొత్తగా_వచ్చా

అన్నలూ, మన ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్ మీద ఇది నడుస్తుందా?

#17 రిచీవీధి_రాగితీగ

శక్తి సీ-క్లాస్ కోర్ లినక్స్‌ని లేపుతుంది తమ్ముడూ. వజ్ర ఎస్ఓసీని ఆర్టీ ఏ7-100టీ ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మార్చుకోగల చిప్) బోర్డు మీదికి ఎక్కించి చూడొచ్చు, సోర్స్ బ్లూస్పెక్‌లో, బీఎస్డీ లైసెన్సుతో ఉంది. కానీ ఆ బోర్డులో డీడీఆర్ 256 ఎంబీ. బిల్డ్‌రూట్, బిజీబాక్స్‌కి చాలు, పోస్ట్‌గ్రెస్, జావా ఉన్న సర్వర్ ఓఎస్‌కి చాలదు. అక్కడ దాని ఉపయోగం వేరు: బూట్ గొలుసు, ట్రాపులు, డివైస్ ట్రీ ఎలా పనిచేస్తాయో ప్రాసెసర్ లోపలి నుంచి చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. బంగారంలాంటి అవకాశం, క్యాంపస్‌లో ఉంటే వదులుకోకు.

#18 తరమణి_టెర్మినల్

మొదటి రౌండ్ క్యూఎములో, రెండోది బోర్డుల మీద అని ఖాయం చేశాం. బోర్డు మీద టెస్టులకి టైమ్‌అవుట్‌లు చాలా వస్తాయి కదా, అన్నిటికీ నోచెక్ పెట్టేయాలనిపిస్తోంది. తప్పా?

#19 బిల్డ్‌డీ_భీముడు

తప్పే. టైమ్ పెంచండి, టెస్ట్ తీయకండి. జీలిబ్‌సీకి టైమ్‌అవుట్‌ఫ్యాక్టర్ వేరియబుల్ ఉంది, మీసన్‌కి టైమ్‌అవుట్ మల్టిప్లయర్ ఉంది, ఎస్‌బిల్డ్ 150 నిమిషాల హద్దునీ పెంచొచ్చు. జీలిబ్‌సీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పోస్ట్‌గ్రెస్, మీ సొంత ప్యాకేజీలు: వీటి టెస్టులు ముట్టుకోవద్దు. డాక్యుమెంటేషన్ టెస్టులు, ఫాంట్ టెస్టులు పోతే పోనీ.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే గుర్తొచ్చింది. యూ74లో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఎన్‌జింక్స్‌లో చాచా20 సైఫర్‌ని ముందుకు తెస్తే టీఎల్‌ఎస్ భారం తగ్గుతుంది.

#20 రిచీవీధి_రాగితీగ

చిన్న విషయం, కానీ రాత్రికి రాత్రి కొంప ముంచేది. ఆర్‌టీసీ (గడియారం చిప్) బ్యాటరీ లేని బోర్డుల్లో కరెంటు పోయి వస్తే గడియారం వెనక్కి వెళ్తుంది. నెట్‌వర్క్ లేవకముందే బిల్డ్ సర్వీస్ మొదలైతే ఆప్ట్ ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు’ అంటుంది, టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు ఒప్పుకోవు. అంతకన్నా చెడ్డది, సగంలో ఉన్న బిల్డ్ కొనసాగితే మేక్ ‘క్లాక్ స్క్యూ’ అని ఒక్క హెచ్చరిక వేసి, మార్చిన ఫైళ్లను పాతవనుకుని వదిలేస్తుంది. పాత ఆబ్జెక్ట్ ఫైలు కొత్త ప్యాకేజీలోకి వెళ్లిపోతుంది.

బిల్డ్ సర్వీస్ యూనిట్‌లో ‘ఆఫ్టర్’ దగ్గర టైమ్-సింక్ టార్గెట్ రాసి, సిస్టమ్‌డీ టైమ్-వెయిట్-సింక్ సర్వీస్‌ని ఎనేబుల్ చేయండి. ఈ రెండోది మరిచిపోతే మొదటిది రాసినా లాభం లేదు, ఆ టార్గెట్ ఎవరికోసమూ ఆగదు. కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న బిల్డ్ డైరెక్టరీని చెరిపేసి ఆ ప్యాకేజీని మొదటి నుంచి కట్టండి.